చిన్నాయన తుమ్ముల మాత్ర

ఆదోని జిన్నింగు మిల్లులో పనిచేసే మా చిన్నాయనకు పత్తి దుమ్ము పడదు. తుమ్ములు ఆగడానికి ఇరవై ఏళ్లు రోజూ పడుకునేముందు ఒక మాత్ర వేసుకున్నాడు. మింగగానే, "ఇంగ ఇల్లు కూలినా నన్ను లేపొద్దండి" అనేవాడు.

ఒక పొద్దున ఎమ్మిగనూరు దారిలో మోపెడ్ మీదే కునుకు తీసి కందిచేనులో పడ్డాడు. దెబ్బలు తగల్లేదు కానీ, డాక్టరు భయపడి మత్తు లేని మాత్రకు మార్చాడు.

వారం తిరక్కుండానే చిన్నాయన చిన్నమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాడు.

"తుమ్ములు తగ్గలేదా?" అన్నాడు డాక్టరు.

"తగ్గినాయి సార్. అయినా పాత మాత్రే ఇయ్యండి. ఈమె ఇంత గురక పెడతాదని ఇన్నేండ్లూ నాకు తెలీదు."

చిన్నమ్మ కొంగు సర్దుకుంది. "ఆ మాత్ర రాకముందు నీ తుమ్ములకు నేను యాడ నిద్రపోయినా? ఇంగ నీ వంతు" అంది.

చిన్నాయన కొత్త మాత్రల చీటీనే జేబులో పెట్టుకుని లేచాడు.