కలుపును పెంచే కోడలు

కోతలయ్యాక చుట్టుపక్కలవాళ్లు పొలంలో మిగిలిన కొయ్యకాళ్లు తగలబెడితే, పెద్దకోడలు మాత్రం నేలను పైపైన గీకే గుంటక తోలి, నీళ్లు చల్లి, కలుపు మొలిచేదాకా కాచుకు కూర్చుంటుంది. మొలకల్ని వంగి చూస్తూ ముసిముసిగా నవ్వుకుంటుంది.

"పోయినేడులా పైర్లో కలుపు కనబడిందో, పొలం చిన్నకొడుక్కి ఇచ్చేస్తా" అని అత్తగారు ముందే తేల్చేసింది. "ఏమే, పంట వేస్తావా, గడ్డి పెంచుతావా?"

"నేలలో దాక్కున్న గింజలన్నీ మొలవనీ అత్తయ్యా. అప్పుడు చెప్తా వాటి పని!"

గట్టు నుంచి గట్టుదాకా పచ్చబడ్డాక, మొత్తం గుంటకతో గీకిపారేసి విత్తనం వేసింది.

పైరు మోకాలెత్తు పెరిగాక అత్తగారు కళ్లద్దాలు పెట్టుకుని సాలుసాలూ గాలించింది. తిట్టడానికి ఒక్క కలుపుమొక్కా దొరకలేదు. చివరికి ఏదో పీకి, "ఇదిగో!" అంది.

"అది మన పైరే అత్తయ్యా."

"నాకు తెలీదేంటి? పొలం నువ్వే చేసుకో. ఇంతదూరం నడిచొచ్చి ఉత్తచేతుల్తో పోనా మరి?"