శేషం మాస్టారు

లెక్కల మాస్టారికి కాలేజీ పిల్లలు పెట్టిన పేరు శేషం మాస్టారు. బండి నంబరు కనబడినా, ఇంటి నంబరు కనబడినా పెదవులు కదుపుతూ ఏడుతో భాగించి, మిగిలినదాన్ని పదిలంగా దాచుకుంటారు. అసలు సంఖ్యను అక్కడే వదిలేస్తారు. "ఏ సంఖ్య ఘనాన్నైనా ఏడుతో భాగించండి. సున్నా, ఒకటి, ఆరు, ఈ మూడింట్లో ఒకటే మిగిలి తీరుతుంది!" అని సుద్దముక్క ఊపుతుంటే ఆయన ముఖం వెలిగిపోతుంది. కూతురు మొదటిసారి ఫోన్ కొనుక్కుని నంబరు చెప్పినప్పుడూ అంతే. "ఆరు మిగిలిందే తల్లీ!" అని మురిసిపోయారు.

ఇవాళ ఆ కూతురే దూరపు ఊళ్లో ఉద్యోగానికి బయల్దేరుతూ గుమ్మంలో నిలబడి, "నాన్నా, వెళ్లొస్తా" అంది. ముందున్న రెండు సంఖ్యలనూ కూడుకుంటూ పోయే వరుసలో ఏడు శేషాలు మళ్లీ మొదటికి ఎక్కడొస్తాయా అని వెతుకుతున్న మాస్టారు తల ఎత్తకుండానే, "ఒక్క నిమిషం" అన్నారు. వరుస మొదటికొచ్చింది గానీ గుమ్మంలో ఎవరూ లేరు. వీధిలోకి పరిగెత్తి, కూతురు కనబడక, ఫోన్లోనైనా ఒక మాట చెబుదామని జేబులోంచి తీస్తే, అది కాస్తా చేయి జారి మురుగుకాలువలో పడింది. ఫోన్లు బాగుచేసే దుకాణంవాడు దాన్ని విప్పి చూసి పెదవి విరిచాడు. "పోనీ నంబరు చెప్పండి మాస్టారూ, నా ఫోన్లోంచి కలుపుతా." "ఏడుతో భాగిస్తే ఆరు..." "అది కాదండీ, నంబరు!" ఆరు మిగిలే సంఖ్యలకు అంతే లేదని ఏళ్ల తరబడి పాఠం చెప్పింది ఆయనే. దూరంగా రైలు కూత వేసింది. దుకాణం ముందు ఎవరిదో స్కూటరు వచ్చి ఆగింది, నంబరు ప్లేటు ఆయనవైపే. మాస్టారు గట్టిగా కళ్లు మూసుకున్నారు. పెదవులు అప్పటికే కదులుతున్నాయి.