చల్లగాలి తగిలే అర

పరిశోధనశాల మూడో అంతస్తులో ఆమెను అందరూ ఎలకల పిన్ని అంటారు. పంతొమ్మిదేళ్లుగా ఎలుకల గూళ్లు కడగడం, రంపపు పొట్టు మార్చడం, మేత తూచడం, ఏ గూట్లో ఏది ముభావంగా ఉందో కనిపెట్టడం ఆమె ఉద్యోగం. ఎలుకకు ఒంట్లో బాగాలేదని ముందుగా చెప్పేది ఆమె ముక్కేనని అక్కడివాళ్ల నమ్మకం.

ఆ ఏడు చేపట్టిన పరిశోధన ఆమె ఇంటిదాకా వచ్చింది. నిద్రను, అలసటను తరిమే ఉత్ప్రేరకాలు మెదడులోని నాడీ కణాలను దెబ్బతీస్తాయి. ఆ దెబ్బ తగలకుండా ముందే కాపాడే మందు ఒకటి పనిచేస్తుందో లేదో అక్కడ పరిశోధన నడిపే శాస్త్రవేత్త మేడమ్ పరీక్షిస్తోంది. పిన్ని అక్క కొడుకు లారీ డ్రైవరు. కునుకు పట్టకుండా మూడేళ్లు అలాంటి మాత్రలే మింగి, తాళంచెవి చేతిలో ఉంచుకుని ఇల్లంతా వెతికే స్థితికి వచ్చాడు. మానేసి నాలుగు నెలలైంది. పిన్ని నోరు ఊరుకోక మందు సంగతి అతనికి చెప్పేసింది.

"ఇంకేం పిన్నీ! అదో మాత్ర, ఇదో మాత్ర. రెండూ కలిపి మింగేసి మళ్లీ బండెక్కుతా," అన్నాడు నవ్వుతూ.

ఆ మాట సరదాకే అన్నాడో, నిజంగానే అన్నాడో ఆమెకు అంతుచిక్కలేదు. ఆనాటినుంచి ఆ మందు సంగతి తేలేదాకా ఆమె మనసు మనసులో లేదు.

అన్ని ఎలుకలకూ ఉత్ప్రేరకం ఇచ్చారు. నీలం చీటీ గూళ్లలోని వాటికి మాత్రం ముందుగా కొత్త మందు కూడా ఇచ్చారు. మూడు నెలలు గడిచాయి. ఒక ఉదయం మేడమ్ సూక్ష్మదర్శిని ముందు కుర్చీ ఖాళీ చేసి పిలిచింది.

"రా పిన్నీ, నువ్వూ చూడు. నీలం చీటీవాటిలో కణాలు ఎంత ఒత్తుగా ఉన్నాయో! తెల్ల చీటీవి చూడు, చిమ్మటలు కొట్టిన శాలువాలా ఉన్నాయి."

పిన్ని చూసింది. గోధుమరంగు చుక్కలు నిజంగానే ఒత్తుగా ఉన్నాయి.

"పన్నెండో నీలం గూటివే ఎందుకో పాడయ్యాయి. ఒక్కటేగా, దాన్ని వదిలేద్దాం," అంది మేడమ్.

పిన్ని కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. పన్నెండో గూడు ఎక్కడుందో ఆమెకు బాగా గుర్తుంది.

"వదిలేయకండి మేడమ్. నీలం చీటీవాటికి రెండేసి సూదులు కదా, పాపమనిపించి వాటిని ఏసీ ఎదురుగా అరలో సర్దాను. పదకొండే పట్టాయి. పన్నెండోది ఫ్రిజ్ వెనక పెట్టాను. అక్కడ సెగ కొడుతుంది. తెల్ల చీటీవి కూడా ఆ వైపే ఉన్నాయి."

మేడమ్ ముఖం పాలిపోయింది. "మూడు నెలల పని, పిన్నీ! ఒక్క మాట చెప్పొద్దూ?"

"జాలి పడటానికి కూడా మిమ్మల్ని అడగాలని తెలీలేదమ్మా."

మేడమ్ సొరుగులోంచి థర్మామీటరు తీసి, "పద, ఆ రెండు చోట్లా ఎంతుందో చూద్దాం," అంది. రెండు చోట్లకూ మధ్య తొమ్మిది డిగ్రీల తేడా ఉంది.

పరీక్ష మళ్లీ మొదటినుంచి జరిగింది. ఈసారి రెండు రంగుల చీటీలనూ రెండు వైపులా సగం సగం పంచారు. గంట గంటకూ ఎలుకల ఒంటి వేడి చూసి పిన్నే రాసింది. చల్లని వైపు రెండు రంగులవీ చాలావరకు నిలిచాయి. వేడి వైపు రెండు రంగులవీ పాడయ్యాయి. ఉత్ప్రేరకం ఒంటిని కాచేస్తోంది, ఒళ్లు కాగినకొద్దీ కణాలకు దెబ్బ పెరుగుతోంది. కొత్త మందు చేసిందంటూ ఏమీ లేదు.

ఆ సాయంత్రమే ఆమె అక్క ఇంటికి వెళ్లింది. అంతా విని అక్క కొడుకు కనుబొమలెగరేశాడు.

"అయితే ఏసీలో కూర్చుని మింగితే సరిపోతుందంటావు."

"దెబ్బ తగ్గిందన్నాను, తగల్లేదన్నానా? అది కూడా ఎలుకల్లో. నీ బుర్రని ఏ అరలో సర్దమంటావురా?"

అతను నవ్వబోయి ఆగిపోయాడు.

"మానేసినవాళ్లకి ఆ కణాలు మళ్లీ కోలుకుంటాయా పిన్నీ?"

"తెలీదురా. మేడమ్‌ని అడిగి చెప్తాను."

"నువ్వు అడిగితే సగం మర్చిపోతావు, నాకు చెప్పేసరికి మిగతా సగం నేను మర్చిపోతాను," అన్నాడు అతను. "రేపు నేనే వచ్చి అడుగుతా. ఆవిడ ఎన్నింటికి వస్తుంది?"