వాటర్ పంపు, వంకాయరంగు చీర

మా చిన్నప్పుడు... ఒక ఎండాకాలం పొద్దున, అద్దంకి దాటాక, పత్తి పీకేసిన చేలు తప్ప మరేమీ కనపడని చోట మా పాత పికప్ బండి బుస్సుమని ఆవిర్లు కక్కి ఆగిపోయింది.

వెనక గుంటూరు మిర్చి యార్డుకు తీసుకెళ్తున్న మిరపకాయ బస్తాలు, టిక్కీలంటాం వాటిని... తాళ్ళు బిగించి, క్యాబిన్ కంటే ఎత్తుగా. ముందు నాన్న, నేను, నాయనమ్మ.

సరుకు దింపి, అట్నుంచి అటే తాడేపల్లి వెళ్ళాలి. అక్కడ నాయనమ్మ చెల్లెలు రాఘవమ్మ మంచం పట్టింది. కళ్ళు తెరవటం లేదు, చూడాలనుకుంటే వెంటనే రండి అని కబురు. అక్కచెల్లెళ్ళకు ఏళ్ళ తరబడి మాటల్లేవు... కూతురి పెళ్ళికి ఇంటికొచ్చి పిలవకుండా శుభలేఖ పోస్టులో పంపిందని నాయనమ్మ కోపం. కబురు వినగానే ఆ కోపం ఎటు పోయిందో! ట్రంకుపెట్టె అడుగు నుంచి కొత్త వంకాయరంగు చీర తీసింది. చెల్లెలి కోసం ఎప్పుడో కొని, పంతానికి ఇవ్వకుండా దాచిందట. షాపువాళ్ళ అట్టపెట్టెతో సహా ఒళ్ళో పెట్టుకుని బండెక్కింది.

నాన్న బానెట్ ఎత్తి చూసి తల పట్టుకున్నాడు. "వాటర్ పంపు పోయిందే అమ్మా. మార్చాల్సిందే."

పంపు దగ్గర నీళ్ళు కారుతున్నాయని ఆయనకు ముందే తెలుసు. ఎవరో చెప్పారని రేడియేటర్‌లో పసుపు పోసి, ఇక ఆగిపోతుందిలే అనుకున్నాడు. ఇప్పుడా పసుపు నీళ్ళన్నీ బండి కింద కాలవ కట్టాయి...

"బండికి మంగళస్నానం చేయించుకొచ్చాడు నా కొడుకు," అంది నాయనమ్మ. మొహంలో మాత్రం నవ్వు లేదు.

ఇంజను చల్లారాక నాన్న పాత పంపు విప్పాడు. అది చూపిస్తేగానీ షాపులో సరైనది ఇవ్వరు.

"నన్ను ఏదో ఒక బస్సెక్కించరా, నే పోతా," అంది నాయనమ్మ.

"ఆ మోకాళ్ళతో ఒక్కదానివే ఎట్టా పోతావే? పాపనొక్కదాన్నే ఈడ ఎట్టా వదిలేది? పేట దాకా ఇట్టా పోయి అట్టా వస్తా. లోడు వదిలి కదలబాకండి."

చిలకలూరిపేట వైపు వెళ్ళే లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. మేమిద్దరం మిగిలాం.

ఆ క్యాబిన్ తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఊపిరాడదు. నాయనమ్మ వైపు తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. బానెట్ ఎత్తి ఉండటంతో ముందున్న రోడ్డే కనపడదు. లారీ పోయినప్పుడల్లా వెనక టిక్కీల నుంచి కారపు దుమ్ము లేచేది... అద్దం ఎత్తితే ఉక్క, దించితే ఘాటు. కళ్ళు మంట, ముక్కు మంట.

పక్కనుంచి బస్సులు పోతూనే ఉన్నాయి.

"అమ్మాయ్, అది గుంటూరు బస్సేనా?"

నాయనమ్మకు చదువు రాదు. బోర్డు నేనే చదివి చెప్పాలి. "అవును నాయనమ్మా." ఆవిడ మెడ తిప్పి, అది కనుమరుగయ్యేదాకా చూసేది. మళ్ళీ ఇంకో బస్సు... మళ్ళీ అదే ప్రశ్న. నేను లేకపోతే ఎలాగోలా ఎక్కి పోయేదేమో అనిపించి ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఏ బస్సొచ్చినా "కాదు" అనే చెప్పాను.

మధ్యాహ్నం దాటాక నాన్న కొత్త పంపుతో దిగాడు. డబ్బా విప్పి చూస్తే లోపల ప్యాకింగ్ లేదు... పంపుకీ ఇంజనుకీ మధ్య నీళ్ళు కారకుండా పెట్టే పల్చటి అట్ట అది. షాపువాడు మర్చిపోయాడు, నాన్న చూసుకోలేదు. చుట్టూ చేలు. అట్ట ఎక్కడ దొరుకుతుంది?

ఆయన చూపు నాయనమ్మ ఒళ్ళో ఆగింది.

"ఉత్త చీర పట్టుకుపోయి ఇయ్యమంటావా? ఏమనుకుంటదిరా అది?"

"అది లేకపోతే ఇయ్యాల అసలు పోలేమే అమ్మా."

నాయనమ్మ పెట్టె మీది దుమ్ము కొంగుతో తుడిచింది. తర్వాత చీర బయటికి తీసి, పెట్టె ఇచ్చేసింది.

నాన్న పంపు మీద అట్ట పరిచి, అంచుల వెంట స్పానర్‌తో కొట్టి అచ్చు తీశాడు. బ్లేడుతో కోసి, రెండు వైపులా గ్రీజు రాసి, బోల్టులు బిగించాడు. బెల్టు ఎక్కించి, చేలో బోరు దగ్గర నీళ్ళు తెచ్చి పోశాడు. ఇంజను స్టార్ట్ చేసి బండి కిందికి వంగి చూశాడు... ఒక్క చుక్క కారలేదు.

గుంటూరు వచ్చినా యార్డు వైపు తిప్పలేదు నాన్న. లోడుతోనే నేరుగా తాడేపల్లి పోనిచ్చాడు. దారి పొడుగునా ఆ చీర నాయనమ్మ ఒళ్ళో మిరప దుమ్ము తాగుతూనే ఉంది.

దీపాలు పెట్టే వేళకు చేరాం. రాఘవమ్మ కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. ఎవరు పిలిచినా పలకటం లేదన్నారు. నాయనమ్మ మంచం పక్కన కూర్చుని, చీర మడత విప్పి చెల్లెలి మొహం దగ్గర పెట్టింది. "చూడవే... నీ రంగే."

ముందు చుట్టూ ఉన్నవాళ్ళు తుమ్మారు. తర్వాత మంచం మీంచి ఒక చిన్న తుమ్ము... కళ్ళు తెరుచుకున్నాయి.

"ఏందే అక్కా... మిరపకాయల మూట తెచ్చావా?"

"చీరేనే. పోస్టులో పంపుదామనుకున్నా... మళ్ళీ నీకూ నాకూ తేడా ఏముందని నేనే తెచ్చా."

ఇద్దరూ నవ్వారు, ఏడ్చారు. రాఘవమ్మ తొలకరి దాకా ఉంది. నాయనమ్మ కూడా అక్కడే ఉండిపోయి, అన్నీ అయ్యాకే ఇంటికొచ్చింది. వచ్చాక ఒకరోజు నాకు జడ వేస్తూ అంది... "ఆ రోజు అయ్యన్నీ గుంటూరు బస్సులేనని నాకు తెలుసులేవే. ఆ రోడ్డు ఇంకెక్కడికి పోద్ది?"

ఈమధ్య ఆ రోడ్డు మీదే మా కారు ఆగిపోయింది. ఒక్క ఫోన్ చేస్తే మనిషి వచ్చాడు. ఏసీలో కూర్చుని ఫోన్ చూసుకునేలోపు పని అయిపోయింది...

మీ బండ్లు ఏ దారిలో మొరాయించాయో, అప్పుడు మీ పక్కన ఎవరున్నారో మీరూ రాయండి. మొన్న కారు ఆగినప్పుడూ నా పక్కనుంచి గుంటూరు బస్సులు చాలానే పోయాయి... అది గుంటూరు బస్సేనా అని అడిగే మనిషే లేదు.