చదవలేని లేబుల్

మా అమ్మాయి తిరుపతిలో రెండు గదుల్లో సాఫ్ట్‌వేర్ ఆఫీసు నడుపుతుంది. ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరయిన నేను మధ్యాహ్నాలు అక్కడే కూర్చుంటాను. రోజూ డైరీ రాస్తాను గానీ, మొన్నటి మామిడి సీజన్‌లో ఒకనాటి సంగతి పేజీలో పట్టక మార్జిన్లోకి కూడా పాకింది.

చిత్తూరు దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి డ్రమ్ముల లేబుళ్ళు అచ్చేసే ప్రోగ్రాం మా అమ్మాయే రాసిచ్చింది. తెలుగు, తమిళం, ఇంగ్లీషు బాగానే వచ్చేవి. కొత్తగా జపాను ఆర్డరు తగిలింది. లేబుల్ మీద ఉండాల్సిన మాటలను కొనేవాళ్ళే తమ భాషలో ఫైలుగా పంపారు. అచ్చేస్తే అన్నీ ఖాళీ గడులు. సాయంత్రానికి సరుకు రేవుకు బయలుదేరాలి. ఆలోగా లేబుళ్ళు కాకపోతే ఈ పని ఇకమీద ఒక చెన్నై కంపెనీకి పోతుందని ఫ్యాక్టరీ మేనేజరు ఫోన్లో చెప్పాడు. ఇద్దరం బస్సెక్కాం.

మేం చేరేసరికి ఆయన జపాను ఫాంటు ఎక్కించేశాడు. తెలుగు డీటీపీతో బతికిన మాకందరికీ ఆ అలవాటే. అక్షరాలు పిచ్చిగా కనిపిస్తే ముందు ఫాంటు వెతుకుతాం.

"సూడమ్మా, జపాను అచ్చరాలు ఎట్లా దిగినాయో! అతికించేస్తాం. లారీ నిలబడుండాది."

"ఆగన్నా. నీకు చదవను వస్తాదా?"

"నాకు తెలుగే అంతంతమాత్రం. జపాను యాడొస్తాది?"

"నాకూ రాదు. మరి సరిగ్గా ఉండాదని ఎవురు చెప్పినారు?" అని లేబుల్ నా చేతికిచ్చింది. "నాయనా, నువ్వు సూడు."

భాష తెలియకపోయినా వరసలు చూడడం నాకు అలవాటే. ఒకే అక్షరం ప్రతి వరసలోనూ అడుగడుక్కీ వస్తోంది. ఏ భాషలోనూ మాటలు అలా ఉండవన్నాను. తను తలూపి కంప్యూటరు ముందు కూర్చుంది.

కంప్యూటరు అక్షరాలను అంకెలుగా దాచుకుంటుంది. ఏ అంకె ఏ అక్షరమో చెప్పే పట్టికలు జపాను భాషకు ఒకటికి మించి ఉన్నాయట. అక్కణ్ణుంచి వచ్చే ఫైలు వాళ్ళ పాత పట్టికలో ఉంటుందనుకొని తను ప్రోగ్రాం రాసింది. వాళ్ళేమో మన తెలుగు కూడా ఉండే యూనికోడ్‌లో పంపారు. తప్పు పట్టికతో చదివినా ఏవో జపాను అక్షరాలే వస్తాయి. ఫాంటు వాటిని అందంగా చూపిస్తుంది, అంతే.

పట్టిక మార్చి కొత్త లేబుల్ తీసింది. ఈసారి ఆ అక్షరం ఎక్కడా లేదు. అయినా అతికించనివ్వలేదు. ఫొటో తీసి కొనేవాళ్ళకు పంపింది. బయట డ్రైవరు హారన్ మోగిస్తున్నాడు.

"చెన్నై వాళ్ళయితే ఈపాటికి బిల్లు గూడా పంపిచ్చుందురు," అన్నాడు మేనేజరు.

"పంపిచ్చుందురు. డ్రమ్ములు గూడా వెనక్కి వచ్చుండు. చదివేటోళ్ళు చదివి చెప్పిందాకా ఒక్కటి గూడా అతికించొద్దన్నా."

పని పోయేట్టున్నా తను గొంతు పెంచలేదు, లేచి తిరగలేదు. జీవితమంతా నేను చేసిన పనినే నా బిడ్డ నాకు తెలియని భాషలో చేస్తోందని గర్వంతో చూస్తూ కూర్చున్నాను.

అన్నీ సరిగ్గా ఉన్నాయని జవాబు వచ్చింది. మేనేజరు కూలీలను కేకేసి, మా అమ్మాయి వైపు తిరిగాడు.

"ఇంక దుబాయి ఆర్డరు గూడా రాబోతా ఉండాది, దానికి అరబ్బీ లేబుళ్ళు గూడా నువ్వే చెయ్యాలమ్మా. ఆ తూరి నువ్వు సరే అన్నాకే లారీని పిలుస్తాలే."