పంపకముందే అందిన కబురు

పరిశోధన విభాగంలో ఆమెను అందరూ డిప్లొమా మేడం అనేవాళ్లు. త్వరగా ఉద్యోగం వస్తుందని పదో తరగతి కాగానే ఇంట్లోవాళ్లు పాలిటెక్నిక్‌లో చేర్పించారు. అక్కడినుంచి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరి, ఎం.టెక్ ముగించి, ఆరేళ్లు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి, ముప్పై నాలుగో ఏట పీహెచ్‌డీ మొదలుపెట్టింది. కూతురితోపాటు తల్లీ బడికి బయల్దేరిందని అత్తగారు నవ్వేది. నవ్వుతూనే మనవరాలి జడలు, టిఫిను డబ్బా తన నెత్తిన వేసుకుంది.

రోడ్డు మీద వాహనాలు రేడియోలో ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం ఆమె పరిశోధన. ముందు బండి గబుక్కున బ్రేకు వేస్తే, ఆ సంగతి వెనక డ్రైవరు కన్ను పసిగట్టేలోపే అతని బండికి చేరాలి. రద్దీలో వంద బండ్లు ఒకేసారి గొంతెత్తితే సంతగోలే, ఏదీ వినబడదు. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో వంతులు వేసే పద్ధతి ఆమె కనిపెట్టింది.

నాలుగేళ్లు గడిచాయి. థీసిస్ ఇవ్వడానికి నెల ఉందనగా రేడియో పెట్టెలు బిగించిన రెండు వ్యాన్లతో చివరి పరీక్ష చేసింది. ఫలితాలు చూసి, నమ్మలేక మళ్లీ మొదటినుంచి చూసింది. ముందు వ్యాను పంపకముందే కబురు వెనక వ్యానుకు అందినట్టుంది. పాత ఫలితాల్లోనూ ఇదే తప్పుంటే ఇన్నేళ్ల పనీ బూడిదలో పోసిన పన్నీరేనని గైడు మెల్లగా అన్నారు.

మూడు రోజులు ప్రోగ్రాంలో ప్రతి వరసా గాలించింది. ఏమీ దొరకలేదు. నాలుగో రోజు పొద్దున వ్యాన్లుండే షెడ్డుకు వెళ్లి, పరీక్ష రోజు ఏమైనా తేడాగా జరిగిందా అని పెద్ద డ్రైవరును అడిగింది.

"తేడా ఏముందమ్మా. ముందు బండి బ్యాటరీ పాతదైందని కొత్తది వేయించా. మీ పెట్టె ఆగి మళ్లీ వెలిగింది, అంతే."

"నాకు చెప్పలేదేం అన్నా?"

"బ్యాటరీ కూడా మీ చదువులోకి వస్తుందని నాకేం తెలుసు?"

ఆమె పరుగున ల్యాబుకు వెళ్లింది. ఆగి వెలిగిన పెట్టెలో గడియారం అర సెకను ముందుకు జరిగిపోయింది, అందుకే కబురు పంపిన సమయం ఆలస్యంగా నమోదైంది. పాత రికార్డులు తెరిచింది. ప్రతిసారీ రెండు గడియారాలూ సరిపోయినట్టే ఉంది, ఒక్కటీ తప్పలేదు. మర్నాడు గడియారం సరిచేసి పరీక్ష మళ్లీ చేస్తే కబురు పంపాకే, రెప్పపాటులో అందింది. గైడు కాగితాలన్నీ రెండుసార్లు తిరగేసి, థీసిస్ రాయడం మొదలుపెట్టమన్నారు.

వరండాలోకి వచ్చి భర్తకు ఫోన్ చేసింది. అతను హలో అనగానే ఏడుపు వచ్చేసింది. ఏమైందని అతను కంగారుపడ్డాడు.

"ఏమీ కాలేదండీ," అంది కళ్లు తుడుచుకుంటూ. "నిజంగా ఏమీ కాలేదు."