చిదంబరం గారి ఏడు సెకన్ల గంట

కంప్యూటరును ఎదురుచూడనివ్వడం చిదంబరం గారి దృష్టిలో నేరం. శిక్షాస్మృతిలో దానికి ఇంకా సెక్షను కేటాయించలేదన్నదొక్కటే ఆయన బాధ. ప్రభుత్వరంగ ఇంజనీరుగా రిటైరై నాచారంలో టైపింగ్ సెంటర్ తెరిచిన ఈ పెద్దమనిషి, స్వయంగా ఒక ప్రోగ్రాం రాసి, దానికి పాత సైకిలు గంట తగిలించారు. టైపు చేసే పేజీ తెరిచి ఉండగా ఏడు సెకన్లు ఎవరూ ఏ కీ నొక్కకపోతే గంట మోగుతుంది.

"సేవ్ అవుతున్నప్పుడు మోగదమ్మా," అని యువ న్యాయవాది మనస్వినికి గర్వంగా వివరించారు. "అది పనిలో ఉందా, మన కోసం కాచుకుని ఉందా అన్నది కనిపెట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది."

"బయట బెంచీ మీద తొమ్మిది మంది కాచుకుని ఉన్నారు సార్. వాళ్లను కనిపెట్టడానికి ఎన్నేళ్లు పడుతుంది?"

"వాళ్లకు నోరుంది. దీనికి లేదు. నేనిచ్చాను."

ఆ గంట ధాటికి నాచారం వాసులు ఇంటిపేర్లు మరిచిపోయేవారు. అద్దె ఒప్పందం రాయించుకోవడానికి వచ్చిన బిక్షపతి, తండ్రి పేరు చెప్పబోయి తుమ్ముకోసం ఆగాడు. గంట మోగింది. హడలిపోయి మామగారి పేరు చెప్పాడు. సంతకాలు కూడా అయిపోయాయి. ఆ కాగితం ప్రకారం బిక్షపతి నేటికీ తన భార్యకు తోబుట్టువు.

"మా ఇంటిది రాఖీ కడ్తనంటున్నది సార్. జర మార్చున్రి."

"చెప్పింది నువ్వు. కొట్టింది నేను. మధ్యలో కంప్యూటర్ తప్పేముంది?"

అటువంటి చోటికి లింగమ్మను తీసుకురావలసి రావడం మనస్విని కర్మ. దగ్గర్లో మరో టైపిస్టు లేడు. డబ్బాల కార్ఖానాలో మిషను కింద లింగమ్మ రెండు వేళ్లు నలిగిపోయాయి. ఆమె తన దగ్గర పనే చేయలేదని యజమాని చేతులు దులుపుకున్నాడు. ఆ సాయంత్రం ఐదింటిలోగా ఆమె వాంగ్మూలం కార్మిక శాఖ ఆఫీసులో దాఖలు కాకపోతే ఫిర్యాదును మూసేస్తారు. అప్పటికే మూడున్నర.

"అక్కడ పనిచేసినట్టు నీ దగ్గర ఏదైనా రుజువుందా అమ్మా?"

లింగమ్మ తల వంచుకుంది. గంట మోగుతుందని మనస్విని చెవులు మూసుకోబోయింది. మోగలేదు. నిమిషం గడిచింది. రెండో నిమిషమూ గడిచింది.

"రుజువు లేదని రాసెయ్యండి సార్. టైమైపోతోంది."

"ఆగండమ్మా," అన్నారు చిదంబరం గారు ఫ్యాను వైపు చూస్తూ.

అప్పుడు మనస్విని చూపు ఆయన చేతి మీద పడింది. బొటనవేలు స్పేస్ బార్ నొక్కుతోంది, చిటికెనవేలు దాన్ని చెరిపేస్తోంది. నొక్కు, చెరుపు. రెండేళ్ల తపస్సుతో సాధించిన ఆవిష్కరణను ఆయన పట్టపగలే మోసం చేస్తున్నారు.

"ఒకటున్నది బిడ్డా," అంది చివరికి లింగమ్మ. "గేటు కాడ ఇచ్చే నంబరు బిళ్ళ. చెయ్యి నలిగిన్నాడు కొంగుల ముడేసిన, మల్ల వాపసియ్యలే. దొంగతనమంటరని ఎవ్వలకు జెప్పలే."

ముడి విప్పి బల్ల మీద పెట్టింది. ఇత్తడి బిళ్ళ మీద కార్ఖానా పేరు, నలభై మూడో నంబరు. నెల రోజులుగా మనస్విని ఊరంతా వెతికిన రుజువు అది.

వాంగ్మూలం ఐదుకు ఎనిమిది నిమిషాల ముందు దాఖలైంది. ఇంకొంచెం ముందే దాఖలయ్యేది గానీ, చివరి పేరా చెబుతూ 'కావున' దగ్గర మనస్విని కాస్త ఆగింది. గంట ఖంగున మోగింది.

"ఆమెకు అంత సేపిచ్చి, నాకు ఏడు సెకన్లేనా సార్?"

"మీరు లాయరు. మాటలు వెతుక్కోవలసిన అగత్యం మీకేమిటి?" అన్నారు చిదంబరం గారు. "కానివ్వండి, పాపం, అది కాచుకుని ఉంది."